ఎన్ని లీటర్లని కాదు, ఎన్నాళ్లకొక తడి అని అడగండి

పెనుకొండ దారిలో వేస్తున్న ఒక లేఅవుటు కరపత్రం ఈమధ్య వాట్సాపు గ్రూపుల్లో బాగా తిరిగింది. క్లబ్‌హౌసు, ఈతకొలను, జాగింగ్ ట్రాకు మామూలే. ఈసారి వాటికి తోడు అమెరికన్ బెంట్‌గ్రాస్‌తో గోల్ఫ్ పుటింగ్ గ్రీన్ (బంతిని గుంతలోకి దొర్లించే నున్నటి పచ్చిక), ఏడాది పొడుగునా పచ్చగా ఉండే కెంటకీ బ్లూగ్రాస్ లాన్లు అని వేశారు. దాని కింద వాదులాట అందరికీ తెలిసిన తీరులోనే నడిచింది. తాగడానికే ట్యాంకర్లు తోలుకునే జిల్లాలో గడ్డికి నీళ్లా అని కొందరు. ఎకరా వరిమడికి పెట్టే నీళ్ల ముందు ఇదెంత అని ఇంకొందరు. అందరూ లీటర్ల మీదే కొట్టుకున్నారు.

చలిదేశాల గడ్డి మన గరిక కంటే ఎక్కువ నీళ్లు తాగే మాట నిజమే. కానీ ఆ తేడా జనం అనుకునేంత లేదు. అసలు తంటా వేరే ఉంది. ఆ గడ్డి ఎండాకాలంలో ఒక్క తడి కూడా తప్పనివ్వదు. పైగా ఎన్ని నీళ్లు పెట్టినా దాని వేరుకు తగిలే వేడి తగ్గదు. సీమలో ఏ పైరునైనా ఎన్నాళ్లు ఓర్చుకుంటుందని చూసి పెట్టుకోవాలి గానీ, ఎన్ని నీళ్లు తాగుతుందని మాత్రమే చూస్తే లెక్క తప్పుతుంది. ఈ వ్యాసమంతా ఆ ముక్క గురించే.

ముందు ఆ లీటర్ల సంగతి తేల్చేద్దాం

పచ్చిక నీటి అవసరం కట్టే లెక్క తేలికే. ఆ రోజు ఎండ, గాలి, తేమను బట్టి ప్రామాణిక ఆవిరి, అంటే నేల నుంచీ మొక్క నుంచీ ఆవిరైపోయే నీరు, ఎన్ని మిల్లీమీటర్లో తీసుకుని, గడ్డి రకానికి తగిన గుణకంతో హెచ్చిస్తారు. బెంట్‌గ్రాస్, బ్లూగ్రాస్, రైగ్రాస్, ఫెస్క్యూ లాంటి చలిదేశపు రకాలకు 0.8 వేస్తారు. గరిక, జోయ్‌సియా, పాస్పాలమ్ లాంటి వేడినేల రకాలకు 0.6.

మే నెల అనంతపురానికి ఆ ఆవిరి రోజుకు 7 మి.మీ. అని పెట్టుకుందాం. బెంట్‌గ్రాస్‌కు 5.6 మి.మీ., గరికకు 4.2. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు అంటే ఒక లీటరు. సెంటు స్థలం 40 చదరపు మీటర్ల పైచిలుకు. కాబట్టి సెంటుకు రోజుకు బెంట్‌గ్రాస్ 227 లీటర్లు, గరిక 170 లీటర్లు. తేడా 57 లీటర్లు, అంటే నాలుగు బిందెల నీళ్లు. స్ప్రింక్లరు విసిరిన నీళ్లలో నాలుగింట మూడొంతులే వేరుకు చేరతాయనుకుంటే పంపు నుంచి తీయాల్సింది 300 లీటర్లు ఒకచోట, 227 ఇంకోచోట. ఎకరాకైతే 30 వేలు, 22,700. గంటకు 3 వేల లీటర్లు ఇచ్చే బోరుకు ఒక ఎకరా బెంట్‌గ్రాసే పది గంటల పని.

దీని మీద ఉప్పు లెక్క ఇంకొకటి ఉంది. దీన్ని ఎవరూ వేయరు, వేయాలి. మన బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పుగానే ఉంటాయి. నీటి ఈసీ, అంటే ఉప్పెంత ఉందో చెప్పే కొలత, 2 ఉందనుకోండి. ఆ నీళ్లు రోజూ పెడితే గడ్డి నీటిని పీల్చుకుని ఉప్పును నేలలోనే వదిలేస్తుంది. దాన్ని వేరు కిందికి కడగడానికి అదనంగా నీళ్లు పారించాలి. ఎంత అదనమనేది గడ్డి ఎంత ఉప్పును ఓర్చుకుంటుందన్న దాన్ని బట్టి ఉంటుంది. నేల ఈసీ 3 దాటితే బెంట్‌గ్రాస్ దెబ్బతినడం మొదలవుతుంది. గరిక దాదాపు 7 దాకా తట్టుకుంటుంది. ఓర్పు అంకెను అయిదుతో హెచ్చించి, అందులోంచి నీటి ఈసీ తీసేసి, వచ్చిన దానితో నీటి ఈసీని భాగించాలి. బెంట్‌గ్రాస్‌కు 2ని 13తో భాగిస్తే సుమారు 15 శాతం. గరికకు 2ని 33తో భాగిస్తే 6 శాతం. ఇవి కూడా కలిపితే సెంటుకు రోజుకు ఒకటి 350 లీటర్లు దాటుతుంది, ఇంకొకటి 240 దగ్గర ఆగుతుంది. కెంటకీ బ్లూగ్రాస్ ఉప్పుకు ఇంకా సుకుమారం.

తేడా పెరిగిందనే మాట సరే. అయినా ఇది ఒకటిన్నర రెట్ల వ్యవహారమే, పది రెట్లది కాదు. ఇదొక్కటే అభ్యంతరమైతే డబ్బున్నవాడు ఇంకో బోరు వేయించుకుని గెలుస్తాడు.

వేరెంతో తొట్టి అంత

వేరు ఎంత లోతుకు దిగిందో గడ్డికి నీళ్ల తొట్టి అంతే ఉన్నట్టు. మన ఎర్ర ఇసుక నేలలో సెంటీమీటరు లోతుకు సుమారు ఒక మిల్లీమీటరు నీరు మొక్కకు అందేలా నిలుస్తుంది. గరిక వేరు యాభై సెంటీమీటర్లు దిగితే తొట్టిలో 50 మి.మీ. ఉన్నట్టు. సగం ఖాళీ అయ్యాక తడి పెడదామనుకున్నా 25 మి.మీ. చేతిలో ఉంటుంది. రోజుకు 4.2 చొప్పున ఆరు రోజులు. అనంతపురం చుట్టుపక్కల చాలాచోట్ల ముప్పై సెంటీమీటర్లకే గరుసు తగులుతుంది. అక్కడ మూడున్నర రోజులే. అయినా మూడున్నర రోజులంటే మాటలు కాదు. బోరులో మోటారు కాలితే పైపులు పైకి లాగించి, రీవైండింగ్ చేయించి, మళ్లీ దింపేసరికి రెండు రోజులు పడుతుంది. మే నెలలో రీవైండింగ్ షాపు ముందు మోటార్లు వరుసలో ఉంటాయి కాబట్టి మూడోరోజు కూడా పట్టొచ్చు. గరిక ఆ మూడు రోజులూ కాస్త నీలిబూడిద రంగుకు తిరిగి, తొక్కిన చోట అడుగుల గుర్తు లేవకుండా ఉండి, తడి పెట్టిన మర్నాటికి తేరుకుంటుంది.

ఇప్పుడు పుటింగ్ గ్రీన్ చూద్దాం. బంతి దొర్లాలంటే గడ్డిని మూడు మిల్లీమీటర్లకు కోయాలి. ఎంత కురచగా కోస్తే వేరు అంత కురచ అవుతుంది. ఆకు తక్కువైతే వేరుకు వెళ్లే తిండి తక్కువ. గ్రీన్ కింద మామూలు నేల ఉండదు. అమెరికా గోల్ఫ్ సంఘం 1960 నుంచి చెప్తూ వస్తున్న పద్ధతిలో అడుగున పది సెంటీమీటర్ల కంకర, దాని మీద ముప్పై సెంటీమీటర్ల జల్లెడ పట్టిన ఇసుక. వాన పడ్డా నీరు దిగిపోయి ఆట ఆగకూడదని ఆ ఏర్పాటు. కంకర మీద ఇసుక ఉండటం వల్ల ఇసుక అడుగుభాగంలో కొంత నీరు వేలాడుతూ ఉంటుంది. వేరు అక్కడిదాకా దిగితే అది పెద్ద ఆదరువు. చలికాలంలో దిగుతుంది కూడా.

ఎండాకాలంలో ఏమవుతుందో చూడాలంటే గ్రీన్ మీద గుంత తీసే కప్ కట్టరుతో ఒక ముద్ద పైకి తీస్తే చాలు. 108 మి.మీ. వెడల్పున ఇసుక దిమ్మ వస్తుంది. దాన్ని చేతిలో పక్కకు తిప్పి చూస్తే చల్లని రోజుల్లో తెల్లటి వేళ్లు పది, పదిహేను సెంటీమీటర్ల దాకా ఇసుకను పట్టుకుని ఉంటాయి. దిమ్మ ఊపినా విడిపోదు. మండే ఎండల్లో అదే చోట తీస్తే పైన మూడు నాలుగు సెంటీమీటర్లు మాత్రమే కలిసి ఉంటుంది. కింద ఇసుక గుప్పెట్లోంచి జారిపోతుంది. మిగిలిన వేళ్లు టీ నీళ్ల రంగులో ఉంటాయి, లాగితే పై తొక్క ఊడి లోపలి దారం చేతికొస్తుంది. పైన ఆకు అప్పటికింకా పచ్చగానే ఉంటుంది కాబట్టి చూసేవాళ్లకు ఏమీ తెలియదు.

వేరు అయిదు సెంటీమీటర్లే ఉందంటే ఇసుక తొట్టిలో మహా అయితే 5 మి.మీ. రోజు అవసరం 5.6. అంటే తెల్లవారుజామున నిండా పెట్టినా సాయంత్రానికి లోటే. సగం ఖాళీ అయ్యేదాకా ఆగుదామన్న సూత్రం ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకే కూలబడుతుంది. అందుకే వేడి ప్రాంతాల్లో బెంట్‌గ్రాస్ పెంచే గోల్ఫ్ మైదానాల్లో ఎండవేళ గొట్టం పట్టుకుని ఒక మనిషి గ్రీన్ల మీద తిరుగుతూ ఉంటాడు. అతను పెట్టేది తడి కాదు. సన్నటి తుంపర ఆకు మీద పడి ఆవిరై కాస్త చల్లబరచడానికి, నిమిషమో రెండు నిమిషాలో. ఆ చల్లదనం గంట నిలిస్తే గొప్ప. సీమలో ఏప్రిల్ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఈ తుంపర తీరప్రాంతం కంటే ఇక్కడ బాగానే పనిచేస్తుందని ఒప్పుకోవాలి. కానీ మనిషి పక్కకెళ్లి గొట్టం ఎక్కువసేపు ఒకేచోట పారితే, నిలిచిన నీరు ఎండకు కాగి గడ్డిని గంటల్లో ఉడకబెట్టేస్తుంది. నీళ్లు లేక చావడం ఒకటి, నీళ్లు నిలిచి చావడం ఇంకొకటి. ఈ రెంటి మధ్య సందు ఇక్కడ మరీ ఇరుకు.

బోరు నీళ్లు వేరును చల్లబరచవు

దీని గురించి ఎక్కువమంది ఆలోచించరు. చలిదేశపు గడ్డి వేరు హాయిగా పెరిగేది నేల 10 నుంచి 18 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు. ఆకు పెరిగేది 15 నుంచి 24 మధ్య. నేల పైపొర 27 డిగ్రీలు దాటి అక్కడే ఉండిపోతే బెంట్‌గ్రాస్‌లో కొత్త వేరు పుట్టే వేగం కంటే పాత వేరు చచ్చే వేగం ఎక్కువవుతుంది. భూగర్భ జలం ఉష్ణోగ్రత ఆ ఊరి సాలుసరి గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. మన దగ్గర అది 27, 28 డిగ్రీలు. అంటే బోరులోంచి వచ్చే నీరే ఆ వేరుకు కావలసిన దానికంటే పది డిగ్రీలు వేడి. ఎండలో పరచిన పైపులో నిలిచిన నీరైతే చెప్పనక్కర్లేదు. అలాంటి నీళ్లు ఎన్ని పోసినా నేల చల్లబడదు. ఇసుకలో ఖాళీలు నీటితో నిండి గాలి ఆడక వేరు ఇంకాస్త ముందే పోతుంది. మధ్యాహ్నం ఆకు వాడిపోవడం చూసి నీళ్లు చాల్లేదని మళ్లీ పెడతారు. అప్పటికే తడిగా ఉన్న ఇసుకలో వాడిన గడ్డి అది. పీల్చే వేరు లేక వాడింది. మళ్లీ పెట్టే ప్రతి తడీ దాని చావును దగ్గర చేస్తుంది.

రాత్రుళ్ల సంగతి ఇంకా ముఖ్యం. పగలు ఆకు తయారుచేసుకున్న తిండిని రాత్రి శ్వాస కోసం ఖర్చు చేస్తుంది. రాత్రి వేడి పెరిగేకొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది. మే నెలలో అనంతపురం రాత్రి 26 దగ్గర, కడప, కర్నూలు ఇంకాస్త పైన. నంద్యాల సంగతి ఆ ఊరివాళ్లను అడగండి. పగలు కూడా ఈ గడ్డికి సంపాదన తక్కువే. గోధుమ, వరి లాగే ఇది సి3 జాతి. వేడి పెరిగితే ఆకులోని ఎంజైము బొగ్గుపులుసు వాయువుకు బదులు ఆక్సిజన్‌ను పట్టుకుని, చేసిన పనిలో కొంత వృథా చేసుకుంటుంది. మన గరిక జొన్న, సజ్జ, కొర్రల పక్షం, సి4 జాతి. బొగ్గుపులుసు వాయువును ముందే పోగుచేసి పెట్టుకుంటుంది కాబట్టి 30, 35 డిగ్రీల్లో దానికి అది ఎండాకాలం కాదు, పెరిగే కాలం. సీమ రైతు తరాలుగా మెట్టలో ఏ గింజలు చల్లాడో చూస్తే చాలు, ఇక్కడ ఏ జాతి గడ్డి బతుకుతుందో తెలుస్తుంది.

ఎండలు దాటి బతికిందే అనుకుందాం. సెప్టెంబరు వస్తుంది. రాత్రి 20కి పైన, పగలు 30కి పైన, గాలిలో తేమ, ఆకు మీద తెల్లారేదాకా తడి. గడ్డిని కుళ్లబెట్టే పిథియం అనే బూజు తెగులుకు ఇంతకంటే ఏం కావాలి? తెల్లవారి మంచులో గ్రీన్ మీద దూదిపింజ లాంటి బూజు, కింద నూనె పూసినట్టు నల్లబడిన మచ్చలు. నీరు పారిన వాలు వెంట, మెషిన్ చక్రం వెళ్లిన దారి వెంట ఒక్క రాత్రిలో పాకుతుంది. సాయంత్రం పూట నీళ్లు పెట్టే అలవాటున్న చోట ఇది మరీ ఎక్కువ. పెడితే తెల్లవారుజామున మూడు నుంచి ఆరు లోపే పెట్టాలి, ఎండ రాగానే ఆకు ఆరిపోవాలి.

ప్యాకెట్ గింజల మాయ

ఆన్‌లైన్‌లో ‘ఆల్ సీజన్ లాన్’ పేరుతో దొరికే ప్యాకెట్ల కథ ఇక్కడ చెప్పుకోవాలి. మనవాళ్లలో చాలామందికి చలిదేశపు గడ్డితో పరిచయం ఇంటి ముందర రెండు సెంట్లలోనే. నవంబరులో చల్లితే రైగ్రాస్ వారం లోపే మొలుస్తుంది. బ్లూగ్రాస్ రెండు మూడు వారాలు తీసుకుంటుంది. డిసెంబరు, జనవరిలో పగలు 30 ఉన్నా రాత్రి 17కు దిగుతుంది కాబట్టి ముచ్చటగా ఉంటుంది. ఫోటోలన్నీ అప్పుడే దిగుతాయి. ఫిబ్రవరి ఆఖరుకు రంగు తగ్గుతుంది, యూరియా చల్లుతారు. వేడిలో నత్రజని పడితే ఆకు ఎగబడి పెరిగి వేరు ఇంకా కురచ అవుతుంది. ఏప్రిల్‌కు గడ్డి పోతుంది. జూన్, జూలైలో నాలుగు చినుకులు పడగానే అదే చోట మళ్లీ పచ్చగా లేస్తుంది. మా అమెరికన్ గడ్డి తిరిగొచ్చిందని సంబరపడతారు.

వచ్చింది అది కాదు. వంగి చూడండి. రైగ్రాస్ ఆకు అడుగువైపు నూనె రాసినట్టు మెరుస్తుంది, మొదలు కాస్త ఎరుపు ఊదా రంగులో ఉంటుంది. బ్లూగ్రాస్ ఆకు కొన పడవ మూతిలా ముడుచుకుని ఉంటుంది. జూలైలో లేచిన దానికి ఇవేవీ ఉండవు. నేల మీద పాకే తీగ, కణుపు కణుపుకూ వేరు, ఆకు కాడను కలిసే చోట తెల్లటి సన్న వెంట్రుకల వరస. గరిక. నేలలో ఎప్పటినుంచో ఉన్నదే, రైగ్రాస్‌కు పెట్టిన నీళ్లు తాగి బలిసింది. ప్యాకెట్ కింద అయిదు నక్షత్రాల సమీక్షల్లో కొన్నయినా ఈ గరిక పుణ్యమేనని నా అనుమానం.

శీతాకాలంలో గరిక మీద రైగ్రాస్ చల్లే పద్ధతి ఉంది కదా అంటారు. ఉంది, రాత్రులు పది డిగ్రీల కిందికి దిగి గరిక పూర్తిగా ఎండి నిద్రపోయే ఊళ్లలో. మన దగ్గర గరిక చలికాలంలో నెమ్మదిస్తుందే గానీ నిద్రపోదు. లేని జబ్బుకు మందెందుకు?

ఎదురు వాదనల్లో పస ఉన్నవి

వరి వాదన తీసేయదగ్గది కాదు. వరికి ఒక పంటకు 1,200 మి.మీ. దాకా పెడతారు. ఎకరా బెంట్‌గ్రాస్‌కు ఏడాది లెక్క వేస్తే, ఆవిరి సగటున రోజుకు 5 మి.మీ. అనుకున్నా 1,460 మి.మీ. వస్తుంది. జిల్లా వాన 550 మి.మీ. చుట్టూ, అందులో గడ్డికి ఉపయోగపడేది 350 అనుకుంటే మిగతా 1,100 మనం పెట్టాలి. అంటే ఒక వరి పంటకు దగ్గరగా ఉంది. వరి అన్నం పెడుతుంది, గడ్డి పెట్టదు అని తేల్చేయడం సులువు గానీ, ఆటకూ పార్కుకూ ఊళ్లో చోటు ఉండొద్దనే వాదన నాకు రుచించదు. తేడా ఇంకోచోట ఉంది. కేసీ కెనాల్‌కు నీళ్లు రాని ఏడు రైతు వరి వేయడు. మడి బీడుగా ఉంటుంది, మరుసటి ఏడు వేస్తాడు. బెంట్‌గ్రాస్ గ్రీన్‌ను ఒక ఎండాకాలం బీడు పెట్టడం కుదరదు. కరువు ఏడాదిలోనూ దాని వంతు దానికి ఇచ్చి తీరాలి. కరువు ఎప్పుడొస్తుందో చెప్పలేని జిల్లాలో తప్పనిసరి ఖర్చును నెత్తిన పెట్టుకోవడం అంటే ఇదే.

లేఅవుటు మురుగునీటినే శుద్ధి చేసి గడ్డికి పెట్టొచ్చు కదా అనే వాదన ఇంకా బలమైంది, దీనితో నేను సగం ఏకీభవిస్తాను. మనిషికి రోజుకు 135 లీటర్ల సరఫరా అనుకుంటే అందులో ఎనభై శాతం, అంటే 108 లీటర్లు, మురుగుగా బయటికి వస్తాయి. వంద ఇళ్ల లేఅవుటులో నాలుగువందల మంది ఉంటే రోజుకు 43 వేల లీటర్లు. శుద్ధి చేస్తే ఎకరా బెంట్‌గ్రాస్‌కు ఉప్పు కడగడంతో సహా సరిపోతాయి. అవి వానతో, కాలువతో పనిలేకుండా రోజూ వస్తాయి కూడా. తడి తప్పదు. అయితే ఆ నీటిలో ఉప్పు, సోడియం సరఫరా నీటికంటే ఎక్కువే ఉంటాయి, తక్కువ కావు. నత్రజని కూడా ఉంటుంది. గరికకు అది ఎరువు, మే నెల బెంట్‌గ్రాస్‌కు శాపం. వేడి సంగతి ఎక్కడిదక్కడే. పైగా అంత లేఅవుటు నిండి నాలుగువందల మంది కాపురం ఉండేసరికి ఎన్నేళ్లు పడుతుందో మన ఊళ్లలో ప్లాట్లు కొన్నవాళ్లకు తెలుసు. గ్రీన్ మాత్రం అమ్మకాల మొదటి రోజునే పచ్చగా కనబడాలి. అప్పటిదాకా ట్యాంకరే.

ఇక అమెరికాలో వేడి రాష్ట్రాల్లో బెంట్‌గ్రాస్ ఉంది కదా అనే వాదన. జార్జియాలోని అగస్టా నేషనల్ గ్రీన్లు బెంట్‌గ్రాసే. కానీ వాటి కింద గాలిని లాగే, ఊదే యంత్రాలున్నాయి. ఎండలు ముదిరే కాలంలో ఆ మైదానం ఆటకు మూసే ఉంటుంది. అంత డబ్బు లేని దక్షిణాది మైదానాలు అనేకం బెంట్‌గ్రాస్ తీసేసి కురచ రకం హైబ్రిడ్ గరిక వేసుకున్నాయి. నెవాడా రాష్ట్రం 2021లో చట్టమే చేసింది, లాస్‌వేగస్ ప్రాంతంలో ఎవరూ నడవని అలంకారపు పచ్చికకు కొలరాడో నది నీళ్లు 2026 ఆఖరు తర్వాత ఇవ్వకూడదని. మన కరపత్రాలవాళ్లు అక్కడివాళ్లు వదిలించుకుంటున్న దాన్ని తెచ్చి అమ్ముతున్నారు. అన్నట్టు, కొరియావాళ్ల కోసమే ఈ హంగు అనే మాట కూడా వినిపిస్తోంది, కొరియా కార్ల కంపెనీ కియా ఫ్యాక్టరీ పెనుకొండ దగ్గరే ఉంది కదా. కొరియా గోల్ఫ్ మైదానాల్లో ఫెయిర్‌వేలు (గ్రీన్ దాకా సాగే పొడవాటి పచ్చిక) ఎక్కువగా జోయ్‌సియావే. మన నర్సరీల్లో కొరియన్ గ్రాస్ అని అమ్మేది ఆ కుటుంబమే.

చలిదేశపు గడ్డి మీద నాకు పగ లేదు. గుల్మార్గ్‌లో, ఊటీలో అది వేయకపోతేనే తప్పు. స్కాట్లండ్ సముద్రతీరంలో సన్న ఫెస్క్యూ వాన మీదే చాలావరకు బతికేస్తుంది. అక్కడ గరిక వేస్తే అది మూర్ఖత్వం.

సీమలో గ్రీన్ కావాలంటే

పుటింగ్ గ్రీనే కావాలంటే టిఫ్‌డ్వార్ఫ్, టిఫ్‌ఈగిల్ లాంటి కురచ హైబ్రిడ్ గరికలు ఉన్నాయి. వాటినీ మూడున్నర, నాలుగు మిల్లీమీటర్లకు కోయొచ్చు. వీటికి గింజలుండవు, తీగ ముక్కలు నాటాలి. కింద ఇసుక అడుగు తప్పదు. ఇసుకలో ఒక చిక్కుంది. కొన్నాళ్లకు ఇసుక రేణువుల మీద మైనం లాంటి పొర పట్టి నీటిని దిగనివ్వదు. చుట్టూ తడిగా ఉన్నా మధ్యలో మచ్చలు ఎండుతాయి. దిమ్మ తీసి సెంటీమీటరుకో నీటిబొట్టు వేసి చూడండి. అయిదు సెకన్లు దాటినా బొట్టు ఇంకకుండా నిలిచిందంటే అక్కడ ఎన్ని నీళ్లు పోసినా దండగ. సన్నగా రంధ్రాలు పొడిచి, తడిపే మందు కలిపిన నీళ్లు పెట్టాలి.

మామూలు లాన్‌కు నర్సరీవాళ్లు సెలెక్షన్ వన్ అనే గరిక చాలు. కడియం నుంచి లారీలో వచ్చే మెక్సికన్ గ్రాస్ మ్యాట్లు నీడకు కాస్త నయం గానీ ఎండలో గరికంత మొండివి కావు. 25 నుంచి 40 మి.మీ. ఎత్తు ఉంచి కోయండి, ఒక కోతలో మూడో వంతుకు మించి తీయొద్దు. మొదటి నెల దాటాక రోజూ తడపడం మానేయాలి. రోజూ కొంచెం కొంచెం పెడితే గరిక కూడా పైపైనే వేరు వేసి బెంట్‌గ్రాస్‌లా సుకుమారం నేర్చుకుంటుంది. నేల లోతున్న చోట ఎండాకాలంలో అయిదు రోజులకోసారి 20 మి.మీ. పెట్టండి, గరుసు పైనే ఉంటే మూడు రోజులకోసారి 12 చాలు. పెట్టిన మర్నాడు పొడవాటి స్క్రూడ్రైవరు నేలలో గుచ్చితే పదును ఎంత లోతుకు దిగిందో తెలుస్తుంది. ఎక్కడ ఆగిపోతుందో నీరు కూడా అక్కడే ఆగింది.

స్ప్రింక్లరు ఎంతసేపు తిప్పాలో మోటారు కొన్నచోట అడిగితే చెప్పలేరు, కొలవాలి. ఒకే సైజు నిలువు గోడల డబ్బాలు పదహారు తీసుకుని లాన్ మీద సమానంగా పరచండి. పావుగంట తిప్పి స్కేలుతో నీటి ఎత్తు చూడండి. సగటు 6 మి.మీ. వచ్చి, అన్నిటికంటే తక్కువ పడిన నాలుగింటి సగటు 3.6 అయితే మీ నీరు సమంగా పడేది 60 శాతమే. తక్కువ పడే చోట 4.2 చేరాలంటే మొత్తం మీద 7 పెట్టాలి. గడ్డి రకం మార్చి మిగిల్చిన నీళ్లు ఈ ఒక్క లోపంతో తిరిగి పోతాయి. ప్రెజరు తగ్గితే స్ప్రింక్లరు తల చుట్టూ వలయంలా పడి మధ్యలో ఎండుతుంది. ప్రెజరు మరీ ఎక్కువైతే పొగలా లేచి గాలికి పోతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా అనంతపురం గాలి ఎలాంటిదో రామగిరి గాలిమరలను చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ మూడు నెలలూ పగటిపూట స్ప్రింక్లరు తిప్పితే పక్క ప్లాటువాడికి తడి.

నిజంగా నీళ్లు కరువైన ఏడు గరికను పచ్చగా ఉంచాలనే పట్టుదల వదిలేయండి. కోత ఆపండి, యూరియా ఆపండి, మూడు వారాలకోసారి 12 మి.మీ. పెట్టండి. పైన గోధుమ రంగుకు తిరిగినా నేలలోని తీగ చావదు. ఎండిందా చచ్చిందా తెలియకపోతే ఒక తీగ తవ్వి కణుపు దగ్గర విరవండి. లోపల తెల్లగా గట్టిగా ఉంటే బతికే ఉన్నట్టు. మంచి వాన ఒకటి పడి వారం తిరక్కముందే ఇగురు వేస్తుంది.